సింకే నా పక్కకొచ్చింది

నేను ఒక ప్లగ్గు పాయింటుని. మూడు కన్నాలు, పక్కన ఒక స్విచ్చి, చుట్టూ తెల్లటి ముఖం. తెల్లటిదన్నది ఒకప్పటి మాటలెండి. ఇప్పుడు నన్ను చూస్తే కాటుక డబ్బాలో పడి లేచాననుకుంటారు. అయితేనేం, కాకినాడలో మా వీధి మొత్తం మీద నాకున్నంత పేరు ఇంకే ప్లగ్గు పాయింటుకీ లేదు. ఆ పేరు ఎలా వచ్చిందో చెబుతాను, వినండి. మధ్యలో కాస్త గాల్లో తేలిపోతే మన్నించండి. ఒంట్లో కరెంటు పారినన్నాళ్లూ నాకు నిలకడ లేదు. అది ఆగిపోయాక కూడా అలవాటు పోలేదు.

నేను పుట్టింది ఊరి చివర ఒక రేకుల షెడ్డులో. తెల్లటి పొడిని వేడి అచ్చులో పోసి నొక్కితే నా ముఖం తయారైంది. ఇత్తడి రేకుల్ని వంచి వెనక బిగించారు. అట్టపెట్టెలో తోటివాళ్లతో కలిసి మెయిన్ రోడ్డులో ఎలక్ట్రికల్ సామాన్ల దుకాణానికి చేరాను. అక్కడ ఎన్నాళ్లున్నా నాకు విసుగు రాలేదు. ఎవరింటికి వెళతానో, ఏ గోడకు అతుక్కుంటానో, నా దగ్గరికి ఫ్రిజ్జు వస్తుందో ఇస్త్రీపెట్టె వస్తుందో అని ఒకటే ఊహలు. పెళ్లిచూపులకు ముస్తాబైన పిల్లకు కూడా అంత ఆత్రం ఉండదు.

చివరికి నన్ను కొన్నది సోమయాజులుగారు. ఆయన టెలిఫోన్ ఆఫీసు ఉద్యోగి. జేబులో ఎప్పుడూ ఒక టెస్టరు, ఒక నల్ల టేపు చుట్ట ఉండేవి. ఊళ్లో తీగలన్నీ తన చుట్టాలేనని ఆయన నమ్మకం. టెలిఫోన్ తీగలో పారేది పిల్లకాలువ, నాలో పారేది గోదావరి. ఆ తేడా మాత్రం ఆయన ఒప్పుకునేవారు కాదు.

ఇక్కడ నా మూడో కన్నం సంగతి చెప్పాలి. కింది రెండింటి గుండా కరెంటు వస్తూ పోతూ ఉంటుంది. పైనున్న పెద్దదాని గుండా మామూలుగా ఏమీ రాదు, ఏమీ పోదు. ఎప్పుడైనా ఏ మిక్సీలోనో కరెంటు దారి తప్పితే, దాన్ని చెయ్యి పట్టుకుని భూమిలోకి దిగబెట్టి రావడమే దాని ఉద్యోగం. ఏళ్ల తరబడి ఖాళీగా కూర్చుంటుంది కాబట్టి దానికి ఇంట్లో పలుకుబడి తక్కువ. మా ఇంటి వైరింగు జరుగుతున్నప్పుడు సోమయాజులుగారు మేస్త్రీని నిలదీశారు.

"పైదానికి తీగెందుకయ్యా? అందులోంచి కరెంటే రాదుగా! దండగ."

మేస్త్రీ నసిగాడు. అయ్యగారు టెస్టరు తీసి చూపించారు. టెస్టరు చేతిలో ఉన్న మనిషితో వాదించడం కష్టం కదా! అలా నా పై కన్నం వెనక తీగ లేకుండానే నన్ను గోడలో బిగించేశారు. బయటికి మాత్రం మూడు కన్నాలతో నిండుగా కనిపించేవాణ్ణి.

నన్ను పెట్టింది వంటింట్లో ఈశాన్యం మూల. అప్పుడు అది పొడిగా, హాయిగా ఉండే మూల. అంట్లు తోముకునే సింకు దూరంగా పడమటి గోడకు ఉండేది. మొదటిసారి మెయిన్ వేసి నాలోకి కరెంటు వదిలిన రోజు నా సంబరం ఏమని చెప్పను! ఒళ్లంతా గలగలలు. మిక్సీ వచ్చింది, కొబ్బరి పచ్చడి రుబ్బి పోయింది. తర్వాత గ్రైండరు వచ్చింది. గుండ్రటి స్టీలు పాత్ర, లోపల రాళ్లు, కింద బరువైన మోటారు. అది తిరుగుతుంటే నా గోడ కూడా ఊగేది. నేను ప్రేమించాను. దాచడం ఎందుకు?

గ్రైండరుకు యజమానురాలు సోమయాజులుగారి భార్య భ్రమరాంబగారు. పొట్టి మనిషి, చురుకు మనిషి. గ్రైండరు కన్నా వేగంగా ఆవిడే తిరిగేవారు. ఆవిడకు మడి ప్రాణం. స్నానం చేసి, పిండిన తడిచీర చుట్టుకుని వంటింట్లోకి వచ్చారంటే నైవేద్యం అయ్యేదాకా ఎవరూ ఆవిణ్ణి తాకకూడదు. వంటింట్లోకి చెప్పులతో రావడం అన్నది ఆ ఇంటి చరిత్రలో లేదు. "ముట్టుకోకండి!" అని ఆవిడ ఒక్క కేక వేస్తే సోమయాజులుగారు ఎత్తిన కాలు ఎత్తినట్టే ఆగిపోయేవారు. పెళ్లయ్యాక ఆయన నేర్చుకున్న మొదటి పాఠం అదే, మరిచిపోని పాఠం కూడా అదే.

అంతా బాగానే ఉంది కానీ, వాళ్లబ్బాయి ఫణికి సంబంధాలు కుదరడం లేదు. జాతకం చూపించారు, దోషం లేదు. అబ్బాయిని చూపించారు, అందులోనూ దోషం లేదు. అప్పుడు వాస్తు చూసే ఆయన్ని పిలిచారు. ఆయన దిక్సూచి అరచేతిలో పెట్టుకుని ఇల్లంతా కలియదిరిగి, వంటింట్లో నా ముందు ఆగి కళ్లు మూసుకున్నాడు. నా గురించి ఏదో గొప్పగా చెబుతాడని ఒళ్లు పులకరించింది.

"ఈశాన్యంలో నీళ్లుండాలండి. మీకు పడమట పెట్టేరు. అక్కడుంది తంటా," అన్నాడాయన.

ఆగ్నేయంలో ఉన్న గ్యాసు పొయ్యిని చూసి, అగ్ని తన చోట తానుందని మెచ్చుకున్నాడు కూడా. గోడలో కూర్చున్న నన్ను మాత్రం అగ్ని కింద లెక్కేసినట్టు లేడు. వారం తిరక్కుండా తాపీవాళ్లు వచ్చారు. పడమటి గోడనున్న సింకును పెకలించి తెచ్చి, సరిగ్గా నా ముఖం పక్కన, ఇత్తడి కుళాయితో సహా అతికించారు. లోకంలో ప్లగ్గు పాయింట్లు సింకు దగ్గర పెట్టకూడదంటారు. నన్నెవరూ సింకు దగ్గర పెట్టలేదండీ, సింకే నడుచుకుంటూ వచ్చి నా పక్కన కాపురం పెట్టింది. సాక్ష్యం నేను.

ఇంతలో చిత్రం, ఫణికి యానాం నుంచి సంబంధం కుదిరిపోయింది. ఇంక సింకును కదిపే మొనగాడెవడు? పెళ్లికూతురు హైమ వంటింట్లోకి అడుగుపెట్టిన రోజున భ్రమరాంబగారు సింకు కుళాయికి పసుపు కుంకుమ పెట్టారు. ఆ పసుపు నీళ్లు నాలుగు చుక్కలు నా మీద చింది చుర్రుమన్నాయి.

నీళ్లంటే ఏమిటో నాకు తెలిసింది అప్పటి నుంచే. కుళాయి తిప్పితే చాలు, తుంపరలన్నీ నా ముఖం మీదే. గట్టు ఎప్పుడూ తడి, నేల ఎప్పుడూ తడి. గ్రైండరు లోపలికి కూడా తడి దిగింది. దాని మోటారులోంచి కాస్త కరెంటు దారి తప్పి స్టీలు పాత్రలోకి రావడం మొదలుపెట్టింది. దాన్ని భూమిలోకి దిగబెట్టాల్సిన నా మూడో కన్నానికి తీగే లేదాయె! ఇక ఆ దారి తప్పిన కరెంటు ఎవరు ముట్టుకుంటే వాళ్ల ఒంట్లోంచి దారి వెతుక్కునేది.

ఆ ఇంట్లో దీన్ని ప్రమాదం అనుకున్నారనుకుంటున్నారా? అబ్బే! దీనికి చిమచిమ అని ముద్దుపేరు పెట్టుకున్నారు. కొత్తలో హైమ పాత్ర మీద చెయ్యి వేసి కెవ్వుమని ఎగిరింది.

"అత్తయ్యగారూ, ఈ గ్రైండరు కరుస్తోందండీ!"

"కరవడవేవిటే? పలకరిస్తోంది. పీటెక్కి ముట్టుకో, ఏవీ అనదు," అన్నారు భ్రమరాంబగారు.

అవును, దానికి విరుగుడు పీట. గ్రైండరు ముందు ఒక చెక్కపీట పడి ఉండేది. పిండి రుబ్బాలంటే భ్రమరాంబగారు దానిమీద ఎక్కి నిలబడేవారు. వంటింట్లో రబ్బరు చెప్పులు వేసుకోకూడదు కదా, అందుకని ఈ ఏర్పాటు. రోగానికి మందు వెయ్యకుండా రోగి కింద పీట వేశారన్నమాట. ఈ పద్ధతి ఆవిడకెంత నచ్చిందంటే, వచ్చిన చుట్టాలకు కూడా చేసి చూపించేవారు.

పక్కింటి మాణిక్యాంబగారైతే ఇంకో అడుగు ముందుకేశారు. ఆవిడకు మోకాళ్ల నొప్పులు. ఒకసారి గ్రైండరు మీద పొరపాటున చెయ్యి పడి, మోకాలిదాకా జిల్లుమని పాకి, ఆ సాయంత్రం నొప్పి తగ్గినట్టనిపించిందట. ఇక చూడండి! రోజూ పది గంటలకు గిన్నె పట్టుకుని మజ్జిగ చారు ఇచ్చే నెపంతో రావడం, పీట పక్కకు జరిపి, ఒక్క వేలు గ్రైండరుకు ఆనించి "హమ్మయ్య" అనడం. నాకు ఆ రోజుల్లో కాళ్లు నేల మీద ఆనేవి కావు. అసలు నాకు కాళ్లు లేవనుకోండి. ప్లగ్గు పాయింటుగా పుట్టి వైద్యుడిగా పేరు తెచ్చుకున్నవాళ్లు ఇంకెవరున్నారు చెప్పండి!

హైమకు మాత్రం నవ్వు రాలేదు. మామూలుగా ఊరికే నవ్వే పిల్ల. ఒకరోజు కుళాయి కట్టేస్తూ మోచెయ్యి గ్రైండరుకు తగిలింది. ఈసారి చిమచిమ కాదు, చెయ్యంతా మొద్దుబారిపోయింది. పీట మీదే ఉంది, అయినా తగిలింది. కరెంటుకు నేల దొరక్కపోతే కుళాయి దొరికిందన్నమాట. ఆమె ముఖం పాలిపోవడం నేను దగ్గరి నుంచి చూశాను. అప్పటిదాకా ఉన్న నా గాలి మొత్తం తుస్సుమంది. నేను ప్రేమగా గ్రైండరుకు పంపుతున్నదేమిటో, అది ఎటు వెళ్లగలదో అప్పుడే నాకు బోధపడింది. నాకు భయం వేసింది. ఈ ఇంట్లో ఒకరి ప్రాణం నా గుండా పోతుందేమోనని నిజంగా భయం వేసింది.

హైమ పట్టుబట్టి ఎలక్ట్రీషియన్ గంగరాజును పిలిపించింది. అతను నన్ను చూసి, సింకును చూసి, నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆయ్, ఇదేంటండి అయ్యగారు? నీళ్లూ కరెంటూ పక్కపక్కనెట్టేరు! దీన్ని ఇక్కణ్నించి తీసేయాలండి. పై కన్నానికి ఎర్తు తీగ కూడా లాగాలండి."

"గోడ మళ్లీ తవ్వుతావా? మొన్ననేగా రంగు వేయించేను!" అని సోమయాజులుగారు అడ్డుపడ్డారు. "ఇంకేదైనా ఉపాయం చెప్పు."

చివరికి బేరం ఎక్కడ తెగిందంటే, నన్ను కదపకుండా వసారాలో మెయిన్ బోర్డులో ఒక ట్రిప్పరు బిగించారు. కరెంటు ఎక్కడైనా దారి తప్పితే రెప్పపాటులో ఇంటి కరెంటంతా ఆపేసే స్విచ్చి అది. గోడలు తవ్వే పని దసరా వెళ్లాక చూద్దామన్నారు. హైమ ఊపిరి పీల్చుకుని, ఆషాఢమాసానికి యానాం పుట్టింటికి వెళ్లింది.

ట్రిప్పరును చూస్తే మొదట నాకు నవ్వొచ్చింది. అంత కంగారు మనిషిని నేనెక్కడా చూడలేదు. భ్రమరాంబగారు గ్రైండరు వేస్తే టక్! కరెంటు పోయింది. మళ్లీ వేస్తే మళ్లీ టక్! పప్పు సగం నలిగి ఆగిపోయింది. హాల్లో సోమయాజులుగారి క్రికెట్టు ఆగిపోయింది. మాణిక్యాంబగారి వైద్యం ఆగిపోయింది. ముగ్గురూ కలిసి ట్రిప్పరును తిట్టిన తిట్లు నేను చెప్పకూడదు. నిజానికి అది ప్రతిసారీ చెబుతున్నది ఒక్కటే, గ్రైండరులోంచి తడిలోకి కరెంటు కారుతోందని. పాపం దానికి టక్ అన్న మాట తప్ప వేరే భాష రాదు.

"ఇది ఉత్త పిరికిదే! ఈగ వాలినా పడిపోతోంది," అని తేల్చేసి సోమయాజులుగారు మెయిన్ కట్టేసి, స్టూలెక్కి, ట్రిప్పరును తప్పించి తీగలు నేరుగా కలిపేశారు. నల్ల టేపు చుట్టి, కిందికి దిగి, చేతులు దులుపుకున్నారు. గ్రైండరు గిర్రున తిరిగింది. హైమ పుట్టింటి నుంచి రాగానే "ఇప్పుడు ట్రిప్పవట్లేదా మావయ్యగారూ?" అని అడిగింది. "సర్దుకుందమ్మా," అన్నారాయన, కళ్లజోడు తుడుచుకుంటూ.

శ్రావణమాసం వచ్చింది. వరలక్ష్మీ వ్రతం రోజు ఇల్లంతా సందడే సందడి. ఫణి పోర్టులో పొద్దుటి షిఫ్టుకు వెళ్లాడు. హైమ గుమ్మానికి మామిడాకులు కడుతోంది. భ్రమరాంబగారు తలారా స్నానం చేసి తడిచీరతో వంటింట్లోకి వచ్చారు. బూరెల పూర్ణం అయింది, పులిహోర అయింది, గారెల పిండి ఒక్కటే మిగిలింది. అప్పుడే పురోహితుడుగారు వచ్చారు. ఆయన కూర్చోవడానికి పీట కావాలి. సోమయాజులుగారు ఇల్లంతా వెతికి, వంటింటి గుమ్మం దగ్గర ఆగి, ఆవిడ పొయ్యి వైపు తిరిగి ఉండగా చెయ్యి చాపి గ్రైండరు ముందున్న పీట లాగేసుకున్నారు. పెరట్లో కడిగి, పసుపు రాసి, హాల్లో వేసి పురోహితుడుగారిని దానిమీద కూర్చోబెట్టారు.

నేను చూశాను. అంతా చూశాను. అమ్మా, పీట లేదమ్మా, ఆగమ్మా అని అరిచాను. ప్లగ్గు పాయింటు అరుపు ఎవరికి వినిపిస్తుంది? ఆవిడ తొందరలో కిందికి చూడకుండా, తడికాళ్లతో తడినేల మీద నిలబడి నా స్విచ్చి వేశారు. గ్రైండరు తిరిగింది. ఎడమచెయ్యి పాత్ర అంచున వేసి, పిండి గట్టిగా ఉందని, కాసిని నీళ్ల కోసం కుడిచేత్తో కుళాయి తిప్పారు.

అంతే. చేతులు రెండూ బిగుసుకుపోయాయి. నోట మాట లేదు. కళ్లు మాత్రం నా వైపే ఉన్నాయి. నాలోంచి వెళ్లిన కరెంటు ఆవిడ గుండె మీదుగా కుళాయిలోకి పోతోంది. నేను ఆపలేను. నా మీద పడ్డ నీళ్లు లోపలికి దిగి నా ముఖం చిటపటమని కాలుతోంది. నేను మొత్తం కాలి బూడిదైపోయినా సరే, ఆ కరెంటు ఆగితే చాలని మొక్కుకున్నాను. వరలక్ష్మీదేవికే మొక్కుకున్నాను, పక్క గదిలోనే ఉందిగా.

పొగ వాసనకు సోమయాజులుగారు ముందు వచ్చారు. "భ్రమరా!" అని రెండు చేతులూ చాపి దూకబోయారు. ఇంకొక్క అడుగు వేస్తే ఆయనా అతుక్కుపోయేవారే. అప్పుడు గుమ్మం అవతలి నుంచి హైమ గొంతు ఇల్లు అదిరేలా వినిపించింది.

"ముట్టుకోకండి!"

ఆయన ఆగిపోయారు. ఆలోచించి ఆగలేదు, అంత టైమెక్కడిది? వంటింటి గుమ్మంలో ఆ మాట వింటే ఆయన కాలు దానంతటదే ఆగుతుంది. చాపిన చేతులు చాపినట్టే గాల్లో ఉండిపోయాయి. ఈలోగా హైమ వసారాలోకి పరిగెత్తి మెయిన్ స్విచ్చి కిందికి లాగేసింది. ఇంట్లో ఫ్యాన్లు ఆగాయి, గ్రైండరు ఆగింది, నేను ఆగాను. భ్రమరాంబగారు కుళాయి వదిలి నేల మీద కూలబడ్డారు.

హైమ వచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. తోరణం కట్టిన దారం ఇంకా ఆమె వేలికే ఉంది. "అత్తయ్యగారూ! అత్తయ్యగారూ!" అని పిలుస్తోందే గానీ, చెయ్యి ముందుకు రావడం లేదు. కరెంటు పోయిందని తెలుసు, అయినా ఆవిడ తడిచీరలో ఉన్నారు. కాసేపటికి భ్రమరాంబగారి రెప్పలు కదిలాయి. కోడలిని చూశారు, మొగుణ్ణి చూశారు. నీరసంగా అడిగారు.

"నన్నెవరైనా ముట్టుకున్నారా?"

"లేదండీ, ఎవరం ముట్టుకోలేదండీ," అంది హైమ, ఏడుస్తూ నవ్వుతూ.

"మరి ముట్టుకోవేవే! ఇటు రా!" అని ఆవిడ రెండు చేతులతో కోడలిని లాక్కుని గుండెకు హత్తుకున్నారు. తడిచీర, పొడిచీర, పిండి చేతులు, మామిడాకు జిగురు, అన్నీ కలిసిపోయాయి. మడి కట్టుకుని ఉండగా ఆవిడ ఒక మనిషిని తాకడం నేను మొదటిసారి చూశాను. గోడలో ఆరిపోయి ఉన్న నాకు ఒళ్లు ఝల్లుమంది, కరెంటు లేకుండానే!

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. గుండె పరీక్ష చేసి, ఒక రాత్రి ఉంచుకుని, గండం గడిచిందని పంపారు. అరచేతుల మీద కాలిన మచ్చలు మిగిలాయి. వ్రతం పై శుక్రవారం చేసుకున్నారు. ఈలోగా గంగరాజు వచ్చి దసరా దాకా ఆగకుండా గోడలన్నీ తవ్వి ఎర్తు తీగ లాగాడు, ట్రిప్పరును మళ్లీ కలిపాడు, సింకుకు దూరంగా అవతలి గోడకు కొత్త పాయింటు పెట్టాడు. గ్రైండరును బాగుచేయించారు. అది కొత్త పాయింటు దగ్గరికి కాపురానికి వెళ్లిపోయింది. వెళ్లనివ్వండి, సుఖంగా ఉంటే చాలు.

నన్ను స్క్రూలు విప్పి బయటికి తీశాడు గంగరాజు. చెత్తలో వెయ్యబోతుంటే సోమయాజులుగారు చెయ్యి పట్టారు. తీసుకెళ్లి టెస్టరు ఉండే జేబులో నన్ను వేసుకున్నారు. ఆ టెస్టరు ఏమైందో నేనడగలేదు.

అప్పటి నుంచీ నాకు రోజూ ఊరేగింపే! సాయంత్రం కాగానే ఆయన వీధిలోకి బయల్దేరతారు. ఎవరింటికి వెళ్లినా కాఫీ కన్నా ముందు వంటింట్లో సింకు ఎక్కడుందో చూడాలంటారు. సింకు పక్కన పాయింటు కనిపిస్తే నన్ను జేబులోంచి తీసి ఎత్తి చూపిస్తారు. తడిచేత్తో మిక్సీ వెయ్యబోయిన వాళ్లు నా నల్లముఖం చూసి టక్కున చెయ్యి వెనక్కి లాక్కుంటారు. ఇల్లాళ్లు ఆయన వస్తున్నారంటే తలుపులేసుకుంటారని కూడా విన్నాను. మాణిక్యాంబగారు మోకాళ్లకు ఆయుర్వేదం నూనె వాడుతూ, ఆయన్ని చూస్తే ముఖం తిప్పుకుంటారు. ఆయన లెక్కచెయ్యరు.

మొన్న చివరింట్లో కొత్తగా దిగినవాళ్లకు కథ మొదలుపెట్టారు. చేతులు తిప్పుతూ, గొంతు పెంచుతూ, వాళ్లు పొట్ట పట్టుకుని నవ్వేలా వాస్తు, చిమచిమ, పీట అన్నీ చెప్పారు. ట్రిప్పరును తప్పించింది తానేనని కూడా చెప్పారు. "ఇంతలో మా ఆవిడ చెయ్యి..." అన్నారు. అక్కడ ఆగిపోయారు. ఏ ఇంట్లో చెప్పినా అక్కడే ఆగిపోతారు. కాలిపోయిన నా ముఖం మీద ఆయన బొటనవేలు అటూ ఇటూ తిరుగుతూ ఉంది. వాళ్లు నవ్వు ఆపి చూస్తున్నారు.

అప్పుడు వీధి మధ్యలోంచి పెద్ద కేక వినిపించింది.

"ఏవండోయ్! ఎవరింట్లో ఉన్నారు? ఉప్మా చల్లారిపోతోంది! వస్తారా, నన్నే రమ్మంటారా?"

భ్రమరాంబగారి గొంతు! ఆయన నన్ను జేబులో పడేసుకుని, కథ సగంలో వదిలేసి, ఎవరి చెప్పులు వేసుకున్నారో కూడా చూసుకోకుండా "వస్తున్నా, వస్తున్నా!" అంటూ ఇంటివైపు పరుగెత్తారు. జేబులో నేను ఆయన గుండె మీద ఎగిరెగిరి పడ్డాను.